ఏ ఒటియెనో?

కిసుము ఆసుపత్రి, రెండో అంతస్తు, గాలాడని గది.
నైరోబీ నుంచి వచ్చిన ముథియాని గారు
మా ముగ్గురి ముందూ తలో కాగితం పెట్టారు.
టైపింగు వేగానికి ఇరవై.
కంప్యూటరుకి ముప్ఫై.
మాట తీరుకి పదిహేను.
ఒత్తిడిని తట్టుకోవడానికి పది.
అక్కడ నా పెన్ను ఆగింది.
ఎవరి ఒత్తిడి? ఎంతసేపటిది?

ముప్ఫై ఒక్కేళ్ళు రికార్డుల గదిలో దుమ్ము పీల్చాను.
నెలాఖరుకి నా కుర్చీ ఖాళీ.
ఆ కుర్చీకే ఈ ఇంటర్వ్యూ.
మర్యాదకి నన్నూ ఓ చివర కూర్చోబెట్టారు,
ఒక్క ప్రశ్న అడగనిచ్చారు.

మొదట క్రిస్పిన్ ఒబూయా,
ఇస్త్రీ మడత నలగని చొక్కా.
రేకుల మీద వడగళ్ళలా వేళ్ళు పడ్డాయి,
నిమిషానికి అరవై ఎనిమిది మాటలు.
ముథియాని గారి కనుబొమలు లేచాయి.

నేనడిగాను:
"ఒటియెనో ఫైలు తెమ్మన్నాడు డాక్టరు. ఏం చేస్తావు?"
"పేరు కొడతాను మేడమ్. రెండే సెకన్లు."

తర్వాత రీగన్ ఒగాడా,
సర్టిఫికెట్లు ఇటుకంత మందం.
బృందంలో పని గురించి చిలక పలికినట్టు పలికాడు.
నా ప్రశ్నకి మాత్రం నవ్వాడు,
అదీ ఓ ప్రశ్నేనా అన్నట్టు.

చివర పెరెస్ అవుమా.
సంచిలోంచి ఎండు ఒమెనా చేపల వాసన.
పొద్దున రేవులో తూకం వేసి వచ్చిందట.
ముప్ఫై ఒక్క మాటలు, అందులో నాలుగు తప్పులు.

"ఒటియెనో ఫైలు తెమ్మన్నాడు డాక్టరు."
నా మాట పూర్తికాకుండానే
"ఏ ఒటియెనో?" అంది.
"రాత్రి పుట్టిన మగపిల్లాడల్లా మాకు ఒటియెనోనే కదా మామా.
ఎన్ని రాత్రులో అందరు ఒటియెనోలు.
తండ్రి ఎవరు, ఏ రేవు, మంచం పక్కన ఎవరున్నారు?
అవి తెలీకుండా బీరువా ముట్టుకోను."

ముథియాని గారిది వేరే ఊరు, వేరే భాష.
"జవాబు చెప్పలేదు, ఎదురు ప్రశ్న వేసింది" అని
సున్నా చుట్టారు.

నేను కిటికీ వైపు తిరిగాను.

పద్దెనిమిదేళ్ళయింది.
శవాల గది చీటీ మీద నా సంతకం.
ఒకరు లారీ డ్రైవరు, ఒకరు జాలరి,
ఇద్దరూ రాత్రి పుట్టినవాళ్ళే.
జాలరిని డ్రైవరు ఇంటికి పంపేశాను.
తెలిసేసరికి మధ్యాహ్నం.
అద్దె మోటార్ సైకిలెక్కి, ఒక చెప్పు దారిలో పోగొట్టుకుని
పడవ రేవు చేరాను.
ఏడుపు పాటలు అప్పటికే నీళ్ళ మీద ఉన్నాయి.
ఆగండి, ఆగండి.
ఎవరో చుక్కాని తిప్పారు.

పెట్టె మూత తీశారు.
డ్రైవరు భార్య చాలాసేపు చూసింది.
నన్ను తిట్టలేదు.
"ఈయన కోసం కూడా ఎవరో కూర్చుని ఉంటారు" అని
దుప్పటి అంచు సర్ది
మూత తనే వేసింది,
చప్పుడు కాకుండా.

ఆ చప్పుడు లేకపోవడం నాకు ఇంకా వినిపిస్తుంది.

కాగితం అడుగున గీతొకటి గీసి
"అడగడం" అని రాశాను.
ఫారం మార్చకూడదు మామా అపోండి, అన్నారు ముథియాని గారు,
మెత్తగానే.
కూడికలయ్యాయి.
క్రిస్పిన్‌కి డెబ్భై నాలుగు. ఉద్యోగం అతనిదే.

మంచి కుర్రాడు. టీ తెచ్చిపెడతాడు.
మొదటి రోజు ఒటియెనో ఫైలు తెమ్మన్నాను,
రెండు సెకన్లలో తెచ్చాడు.
తీసుకోలేదు. చెయ్యి చాపకుండా అతని మొహం చూశాను.
వెనక్కి తీసుకెళ్ళాడు, ఎందుకో తెలీకుండా.

పెరెస్ ఫోను నంబరు
నా కళ్ళద్దాల పెట్టెలో మడిచి ఉంది.
రాత్రి డ్యూటీకి ఇంకొకరు కావాలని
మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు.

ఇవాళ మళ్ళీ తెమ్మన్నాను.
క్రిస్పిన్ తలుపు దాకా వెళ్ళి
గడప మీద ఆగాడు.
ఇంకా అడగలేదు.
ఆగాడు, అంతే.